జిమ్ముకు పోయే ముందు ఒక చిట్టీ రాసుకో

2022 డిసెంబర్ల ఒకనాడు పొద్దుగూకినంక మా అల్లుడు బస్సు దిగి సీదా మా ఇంటికొచ్చిండు. అల్లుడంటే మా అక్క కొడుకు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు పోయి వస్తున్నడు. ముఖం చూస్తెనే సంగతి సమజైంది. మా ఇంటామె చాయ్ పెట్టిచ్చింది. గిలాస చేతుల పట్టుకొని శానాసేపు ఏం మాట్లాడలే. ఆఖరికి "మామా, పరుగుల పోయింది" అన్నడు.

"ఎంతల పోయిందిరా?"

"ఇరవై అయిదు సెకండ్లు."

ఆ నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల ఉరకాలె. మావోడు 7 నిమిషాల 40 సెకండ్లకు గీత దాటిండు. ముందు పరుగు నెగ్గాలె, తర్వాతనే లాంగ్ జంప్, షాట్‌పుట్. మావోని కథ పరుగు కాన్నే ఒడిసింది.

ఎనిమిది నెలలు మండల కేంద్రంల ఉన్న జిమ్ముకు పోయిండు. పోను పదమూడు కిలోమీటర్లు, రాను పదమూడు. నెలకు వెయ్యి ఫీజు, మూడు వేలకో డబ్బ పొడి, బండికి పెట్రోల్. ఆ పైసలన్ని మా అక్క బీడీలు చుట్టి జమ చేసినయి. పోరడు ఒక్కనాడు గూడ నాగా పెట్టలే. అంగీ చేతులు బిగుసుకునేటట్టు జబ్బలు పెంచిండు. బరువు 62 కిలోల కాడికెల్లి 71 అయిండు.

ఇండ్ల నా తప్పు గూడ ఉన్నది. దసరాకు వచ్చినప్పుడు వాని జబ్బ పట్టి చూసి "ఇగ పోలీసోనివి అయిపోయినవ్ పో" అని భుజం చరిచిన. "1600 ఎంత టైంల ఉరుకుతున్నవ్‌రా?" అని ఒక్కనాడు గూడ అడగలే. జిమ్మోళ్లు అడగలే, ఇంట్లోళ్లు అడగలే, నేను అడగలే. వాడు కష్టపడలేదని ఎవ్వడన్నా అంటే నేను ఒప్పుకోను. కష్టపడ్డడు. ఆ కష్టం పోవాల్సిన దిక్కుకు పోలేదు.

ఆ రాత్రి వాని ఫోన్ల ఉన్న జిమ్ చార్టు చూపియ్యమన్న. సోమవారం ఛాతి, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, ఇట్ల వారానికి ఆరు రోజులు. లెక్క పెడితే ముప్పై ఎనిమిది రకాల కసరత్తులున్నయి. ఆఖరి లైన్ల "కార్డియో – 10 నిమిషాలు" అని ఉన్నది. పరుగు కోసం పోయినోనికి ఇచ్చిన చార్టుల పరుగు జాగ గంతే.

ఎందుకొచ్చినవని అడిగేటోడు లేడు

నా సొంత ముచ్చట గూడ చెప్త. నాకు 44 ఏండ్లు. మీటింగులని, ధర్నాలని తిరుగుడు, యాళ్లకు తినకపోవుడు, రాత్రి దాక మేలుకొనుడు. బీపీ బయటపడ్డది. డాక్టర్ గోలీలు రాసి, ఉప్పు తగ్గించుమన్నడు, రోజు నడువుమన్నడు. నేను ఎగేసుకొని జిమ్ముల చేరిన. ఇరవై ఏండ్ల పిలగానికి ఏ చార్టు ఇస్తరో నాకు గూడ అదే ఇచ్చిండ్రు. మూడో వారానికి కుడి భుజం పట్టుకున్నది. అంగీ తొడుక్కునుడు గూడ కష్టమైంది. రెండు నెలలు పెయిన్ బామ్‌తోని కాలం గడిపిన.

పోలీస్ కొలువు కావాల్సిన పోరనికి, బీపీ తగ్గాల్సిన నాకు, పెండ్లి ఫొటోల మంచిగ కనబడాల్సిన ఇంకొకనికి ఒకటే చార్టు ఎట్ల పనిచేస్తది?

నాకు తెలిసిన ఒక ట్రైనర్ తమ్ముడు ఉన్నడు. "అన్నా, మాకిచ్చే జీతం ఇంటి కిరాయికే సరిపోతది. డబ్బలు అమ్మితే కమీషన్ వస్తది. చార్టు సింపుల్‌గ ఇస్తే 'గింతేనా' అని పక్క జిమ్ముకు పోతరు" అని ఉన్నదున్నట్టు చెప్పిండు. వాన్ని తిట్టబుద్ధి కాలే. కమీషన్ మీద బతికే కాడ సింపుల్‌గ చెప్పేటోనికి గిట్టుబాటు కాదు.

గందుకే జిమ్ముకు పోయే ముందు ఎవల చిట్టీ వాళ్లే రాసుకోవాలె. ఒక్కటే లైను. ఏం కావాలె, ఎంత కావాలె, ఎప్పటికి కావాలె. "ఆరు నెలలల్ల 1600 మీటర్లు 7 నిమిషాలల్ల ఉరకాలె." "సంక్రాంతి వరకు 10 పుల్లప్స్ తియ్యాలె." "నడుము నొయ్యకుంట 40 కిలోల ఒడ్ల బస్తా లేపాలె." నా చిట్టీల "బీపీ అదుపుల ఉండాలె, మూడో అంతస్తు ఆయాసం లేకుంట ఎక్కాలె" అని రాసుకున్న. "బాడీ మంచిగ కావాలె" అని రాస్తే అది చిట్టీ కాదు. దాన్ని ఏ గడియారంతోని, ఏ టేపుతోని కొలుస్తవ్?

"మంచిగ కనబడాలె" అనుకునుడు తప్పు కాదు. నీ ఒళ్లు నీ ఇష్టం. మరి అదన్నా సక్కగ రాసుకో. పొట్ట కాడి కొవ్వు పొట్ట కసరత్తు చేస్తెనే కరగదు. ఒళ్లంతట తగ్గుకుంట వచ్చినప్పుడే అక్కడ గూడ తగ్గుతది. అది శానమట్టుకు తిండి లెక్క. రీలుల కనబడే ఆరు పలకల వెనుక లైటింగ్ ఉంటది, నీళ్లు తగ్గించుకునుడు ఉంటది, వంటకు ఒకడు, కసరత్తుకు ఒకడు ఉంటడు. దాన్ని చూసి అద్దంల నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు.

ఒంటికి ఏ పని చెప్తే అదే నేర్చుకుంటది

కసరత్తు ఎట్ల పనిచేస్తదో మూడు మాటలల్ల చెప్పొచ్చు.

మొదటిది: ఏ పని చేస్తే ఒళ్లు ఆ పనికే తయారైతది. బరువులు లేపితే లేపుడు వస్తది, ఉరికితే ఉరుకుడు వస్తది. డంబెల్ లేపి 1600 మీటర్లు గెలుస్తనంటే, సైకిల్ తొక్కి ఈత నేర్చుకుంటనన్నట్టు ఉంటది. ఒకటి ఇంకొకదానికి కొంత సాయం చేస్తది. దాని బదులు మాత్రం పనికి రాదు.

రెండోది: కొద్దికొద్దిగ పెంచాలె. ఈ వారం పది సార్లు లేపింది వచ్చే వారం పదకొండు సార్లు. పన్నెండు సార్లు సులువైనంక రెండున్నర కిలోలు ఎక్కియ్యి, మళ్ల ఎనిమిది కాడ మొదలువెట్టు. ఒక్క నోటుబుక్కు, ఒక పెన్ను ఉంటే చాలు. రాసుకోకపోతే పెరుగుతున్నదో లేదో తెల్వది. తెల్వకపోతే విసుగొస్తది, విసుగొస్తే కొత్త చార్టు, కొత్త పొడి ఎతుకుతవ్.

మూడోది: ఒళ్లు జిమ్ముల పెరగది, పన్నప్పుడు, తిన్నప్పుడు, ఆరాం చేసినప్పుడు పెరుగుతది. రాత్రి ఒంటిగంట దాక ఫోన్ చూసి పొద్దున నాలుగు గంటలకు లేచి ఉరికితే ఎట్ల? ఏడు, ఎనిమిది గంటల నిద్రకు ఏ డబ్బ సాటి రాదు.

ఇంకొక ముచ్చట యాదిపెట్టుకోండ్రి. కొత్తగ చేరినోనికి మొదటి ఆరు, ఎనిమిది వారాలల్ల వచ్చే బలం శానమట్టుకు నరాలు పని నేర్చుకునుడు వల్ల వస్తది. కండ తర్వాత కనబడుతది. నెల దినాలకే "ఏం మారలే" అని మానేసేటోళ్లకు, పొడి కొనేటోళ్లకు ఈ సంగతి తెల్వకనే మోసం జరుగుతది.

పొలం పని చేసేటోనికి జిమ్ ఎందుకు?

ఊర్ల పెద్దోళ్లు ఈ ప్రశ్న అడుగుతరు. అడిగే హక్కు వాళ్లకున్నది. మా నాయిన హమాలి. కొనుగోలు సెంటర్ల కాడ, గోదాముల కాడ బస్తాలు మోసిండు. నలభై ఏండ్లప్పుడు ఆయన లెక్క బలమైనోడు మా వాడల లేడు. యాభై అయిదు ఏండ్లకు నడుము వంగింది, మోకాళ్లు అరిగినయి. బరువు మోస్తే బలమొస్తదంటే మరి మా నాయినకు ఏమైనట్టు?

శాన రోజులు ఆలోచించినంక నాకు సమజైంది, పని వేరు, కసరత్తు వేరు. కసరత్తుల బరువు ఎంతనో నువ్వే చెప్తవ్. నొప్పయితే ఆపుతవ్. ఒకరోజు ఆరాం తీసుకుంటవ్. హమాలికి లారీ ఎప్పుడొస్తే అప్పుడే పని. బస్తాలు ఎన్ని ఉంటే అన్ని మొయ్యాలె. నొప్పున్నా మొయ్యాలె, ఎందుకంటె ఆనాటి కూలి ఆనాడే. ఎప్పుడు ఒకటే భుజం మీద, ఒకటే వంపుల. నాట్లేసే అవ్వలు, బీడీలు చుట్టే అక్కలు గంతే. గంటలకు గంటలు ఒంగి, కూసోని, ఒక తీరుగనే ఉంటరు.

గందుకే కష్టం చేసేటోళ్లకు అవసరమైన కసరత్తు వేరే ఉంటది. దినమంత బస్తాలు మోసినోడు సాయంత్రం మళ్ల భుజాల మీద బరువు ఎక్కించుకునుడు ఎందుకు? నడుము చుట్టున్న కండలను గట్టిచేసే ప్లాంక్, వీపుకు లాగుడు కసరత్తు, తుంట్లకు, తొడలకు సాగదీసుడు, ఇవి వారానికి రెండు మూడు మాట్ల ఇరవై నిమిషాలు చాలు. బస్తా లేపేటప్పుడు నడుము వంచకుంట, తుంటి కాడ వంగి, బరువును ఒంటికి దగ్గర పెట్టుకొని కాళ్లతోని లేపుడు నేర్చుకోవాలె. జిమ్ముల దీన్నే డెడ్‌లిఫ్ట్ అంటరు. మా నాయినకు ఎవలన్నా ముప్పై ఏండ్లకే నేర్పితే ఎంత బాగుండు అనిపిస్తది.

అయిదు కదలికలు చాలు

ఎనకట మన ఊర్లల్ల తాలీంఖానలు ఉండె. మెత్తటి మట్టి, రెండు ముద్గర్లు. దండీలు, బస్కీలు, కుస్తీ. పహిల్వాన్లు ముప్పై ఎనిమిది రకాలు చెయ్యలే. నాలుగైదు పనులు రోజు, ఏండ్ల కొద్ది చేసిండ్రు.

ఒలింపిక్స్ చూడండ్రి. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల ఉండేటియి రెండే లిఫ్టులు. స్నాచ్ ఒకటి, క్లీన్ అండ్ జెర్క్ ఒకటి. సిక్కోలు జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ల స్నాచ్‌ల 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌ల 130 కిలోలు, మొత్తం 240 కిలోలు లేపి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమెనే. ప్రపంచ స్థాయి పోటీ గూడ రెండు పనుల మీదనే నడుస్తది.

మామూలుగ ఆరోగ్యం, బలం కావాల్సినోళ్లకు అయిదు కదలికలు చాలు. కూసోని లేచుడు, అంటే బస్కీలు, స్క్వాట్లు. తోసుడు, అంటే దండీలు, లేకుంటే బెంచ్ ప్రెస్. లాగుడు, అంటే పుల్లప్స్, రోయింగ్. కిందికెల్లి లేపుడు, అంటే డెడ్‌లిఫ్ట్. నడుమును బిగబట్టుడు, అంటే ప్లాంక్. ఒక్కొక్కటి మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది కాడికెల్లి పన్నెండు సార్లు. ప్లాంక్ అయితే అర నిమిషం కాడ మొదలువెట్టు. వారానికి మూడు రోజులు, రోజు తప్పించి రోజు. ముందు అయిదు నిమిషాలు ఒళ్లు వేడి చేసుకునుడు కలుపుకొని ముప్పావు గంటల అయిపోతది.

ఇండ్ల సగానికి జిమ్ము గూడ అక్కర లేదు. దండీలు, బస్కీలు, ప్లాంక్ ఇంటి ముంగటనే చెయ్యొచ్చు. పుల్లప్స్‌కు గట్టి కొమ్మ చాలు. మొదటి నెల బరువు మీద మనసు పెట్టకు, తీరు మీద పెట్టు. కండ గుంజినట్టు ఉండుడు మామూలే. కీలు కాడ చురుక్కుమంటే మాత్రం ఆపాలె. ఛాతిల నొప్పి వచ్చినా, కండ్లు తిరిగినా తెల్లారి చూద్దామనకుంట దవఖానకు పోవాలె. ఇంట్ల ఎవలకన్నా చిన్న వయసుల గుండె జబ్బు వచ్చి ఉంటే మొదలువెట్టక ముందే బీపీ చూపిచ్చుకొని డాక్టర్‌ను అడగాలె.

నా అసొంటి నలభై దాటినోళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకా సులువు. వారానికి కనీసం 150 నిమిషాలు జోరుగ నడుచుడు, రెండు రోజులు కండలకు పని. అంటే అయిదు రోజులు అరగంట నడక, రెండు రోజులు దండీలు, బస్కీలు. ఈ చార్టుకు ఫీజు లేదు.

పరుగు లెక్క

ఇగ కొలువు కోసం ఉరికే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు. లెక్క చేస్తే భయం సగం తగ్గుతది.

1600 మీటర్లంటే 400 మీటర్ల గ్రౌండ్ల నాలుగు రౌండ్లు. 7 నిమిషాల 15 సెకండ్లంటే 435 సెకండ్లు. నాలుగుతోని పంచితే రౌండుకు 108 సెకండ్ల చిల్లర, అంటే 1 నిమిషం 48 సెకండ్లు. మా అల్లుడు ఏం చేసిండంటే, ఈలేయంగనే గుంపుతోని ఎగిరి మొదటి రౌండు నిమిషం ఇరవైల కొట్టిండు. మూడో రౌండుకు కాళ్లు లేవలే. శానమంది ఓడిపోయేది గిట్లనే. నాలుగు రౌండ్లు ఒకటే తీరుగ ఉరకాలె, దమ్ముంటే ఆఖరి 200 మీటర్లల్ల ఇడువాలె.

అదే నోటిఫికేషన్ల ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లు. అంటే రౌండుకు 2 నిమిషాల 40 సెకండ్లు. లాంగ్ జంప్ మగపిల్లలకు 4 మీటర్లు, ఆడపిల్లలకు 2.5 మీటర్లు. షాట్‌పుట్ మగపిల్లలకు 7.26 కిలోల గుండు 6 మీటర్లు, ఆడపిల్లలకు 4 కిలోల గుండు 4 మీటర్లు. గుండును దూరం పంపేది చెయ్యి ఒక్కటే అనుకోకండ్రి. బలం కాళ్లకెల్లి, తుంటికెల్లి పుడుతది, చెయ్యి ఆఖర్ల తోస్తది. గందుకే షాట్‌పుట్ కోసం బైసెప్స్ పెంచుడు కంటే బస్కీలు తీసుడు ఎక్కువ పనికొస్తది.

వేరే కొలువులకు వేరే కొలతలు. అగ్నివీర్ ర్యాలీల 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకండ్లల ఉరికితే 60 మార్కులు, 10 పుల్లప్స్‌కు 40 మార్కులు. ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్‌కు మగపిల్లలు 5 కిలోమీటర్లు 24 నిమిషాలల్ల ఉరకాలె. నోటిఫికేషన్ రాంగనే కొలతలు మళ్లొకసారి చదువుకోండ్రి, మారుతుంటయి.

మా అల్లునికి ఊరి పీఈటీ సారు, నేను కూసోని రాసిన చార్టు ఇది. సోమవారం, శనివారం నిమ్మళంగ మూడు కాడికెల్లి అయిదు కిలోమీటర్లు. పక్కోనితోని మాట్లాడుకుంట ఉరికేటంత నిమ్మళం. బుధవారం 400 మీటర్లు అయిదు సార్లు, ఒక్కొక్కటి నిమిషం నలభై సెకండ్లల, నడుమ రెండు నిమిషాలు నడక. మంగళవారం, శుక్రవారం ఆ అయిదు కదలికలు, శుక్రవారమైతే దానికి తోడు జంప్, గుండు. గురువారం, ఆదివారం ఆరాం. రెండు వారాలకొకసారి గడియారం పెట్టి పూర 1600. వారం వారం దూరం పదో వంతు కంటే ఎక్కువ పెంచొద్దు, పెంచితే ముంగాలు ఎముక నొప్పి పట్టుకుంటది. ఎండకాలం పొద్దు పొడవక ముందే ముగించాలె.

డబ్బ సంగతి, సూది సంగతి

వే ప్రోటీన్ పొడి విషం కాదు, అమృతం గూడ కాదు. పాలు విరగ్గొడితే మిగిలే నీళ్లకెల్లి తీసేదే అది. మన హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన ఆహార మార్గదర్శకాలల్ల, కండలు పెంచెటందుకు ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది.

లెక్క చూద్దాం. మంచిగ కసరత్తు చేసేటోనికి కిలో బరువుకు 1.2 కాడికెల్లి 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతది. 60 కిలోల పోరనికి 72 కాడికెల్లి 96 గ్రాములు. మూడు గుడ్లల్ల 18 గ్రాములు. అర లీటరు పాలు, పెరుగుల 16. వంద గ్రాముల పప్పుల 22 దాక. యాభై గ్రాముల పల్లీలల్ల 12. మూడు వందల గ్రాముల బియ్యంల 20 దాక. మొత్తం 88. చికెన్ గూడ లెక్కల పట్టలే. ఉడకబెట్టిన గుడ్డు, పల్లీ పట్టీ, శెనగలు మన వాడ దుకాణంలనే దొరుకుతయి. మూడు వేల డబ్బ పైసలతోని నెలంతకు గుడ్లు, పాలు, పల్లీలు వస్తయి. ఇంట్ల చెల్లెకు గూడ ఒక గుడ్డు మిగులుతది. అంతైనా పొడి కొంటనంటే డబ్బ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబర్ చూసి, బిల్లు తీసుకొని కొను. బజార్ల నకిలీ సరుకు ఉన్నది.

సూది ముచ్చటకొస్తే మాత్రం నేను నిమ్మళంగ మాట్లాడలేను. "ఒక్క కోర్సు తమ్మీ, మూడు నెలలల్ల బాడీ" అని చెవుల చెప్పేటోళ్లు మన మండలాల దాక వచ్చిండ్రు. స్టెరాయిడ్ బయటికెల్లి ఎక్కిస్తే ఒళ్లు సొంతంగ తయారు చేసుకునే మగ హార్మోన్‌ను తగ్గిస్తది. వృషణాలు చిన్నగైతయి, వీర్యకణాలు తగ్గుతయి, ఛాతి ఆడోళ్ల లెక్క పెరగొచ్చు. బీపీ పెరుగుతది, గుండె కండ మందమైతది, గోలీల తీరువి అయితే కాలేయం పాడైతది. మెఫెంటర్మిన్ అని ఇంకొక సూది ఉన్నది. ఆపరేషన్ టైంల మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోకుంట డాక్టర్లు వాడే మందు. దాన్ని జిమ్ముల జోష్ కోసం గుచ్చుకుంటున్నరు. గుండెను బలవంతంగ ఉరికిచ్చుడన్నట్టు. ఇప్పటికే వాడుతున్న తమ్ముడు ఎవలన్నా ఇది చదువుతుంటే, సిగ్గు పడకుంట డాక్టర్ కాడికి పో, ఏం వాడినవో ఉన్నదున్నట్టు చెప్పు. నిన్ను తిట్టెటందుకు ఇది రాస్తలేను.

గ్రౌండ్ ఎవలది?

ఇంత చెప్పినంక ఒక చెల్లె నన్ను అడిగిన ప్రశ్న చెప్పకుంటే ఈ రాత సగమే అయితది. "అన్నా, నువ్వు చెప్పింది బాగనే ఉన్నది. నేను ఏడ ఉరకాలె?" తెల్లారగట్ల రోడ్డు మీద ఉరికితే లారీలు, కుక్కలు, బండ్ల మీద ఎనుక వచ్చి వాగేటోళ్లు. జిమ్ముల ఆడపిల్లలకు వేరే టైం లేదు. బడి గ్రౌండ్‌కు తాళం. "ఎందుకమ్మా నీకు" అని ఇంట్ల ఒక మాట.

2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణమని బోర్డులు పెట్టిండ్రు. మా ఊర్ల బోర్డు మంచిగనే ఉన్నది. దాని ఎనుక రెండు ఇనుప బార్లు, ఒక జంప్ గుంత, మిగిలిందంత సర్కారు తుమ్మ. కిందటేడు పది మంది పిల్లలం కలిసి (నన్ను గూడ పిల్లలల్ల కలుపుకున్నరు) రెండు ఆదివారాలు తుమ్మ కొట్టినం. సున్నం తెచ్చి రెండు వందల మీటర్ల గీత గీసినం. ఎనిమిది సుట్లు తిరిగితే 1600. బడి హెడ్మాస్టర్‌కు, పంచాయతికి దరఖాస్తు పెట్టి పొద్దున అయిదు కాడికెల్లి ఏడు దాక బడి గేటు తీపిచ్చినం. మొదటి గంట ఆడపిల్లలకు, ఇద్దరు అవ్వలు గేటు కాడ కూసుంటరు. ఖర్చు సున్నం పైసలే. మీ ఊర్ల గూడ ఇది చెయ్యొచ్చు. దరఖాస్తు రాసుడు రాకపోతే రాసిచ్చెటోళ్లు మీ ఊర్లనే ఉంటరు, అడగండ్రి.

మా అల్లుడు జిమ్ మానలే. వారానికి రెండు రోజులే పోతున్నడు. వాని చిట్టీ అక్క బీడీల చాట పెట్టే గూటి మీద అతికిచ్చి ఉన్నది: "1600 – 7 నిమిషాలు." పోయిన ఆదివారం సున్నం గీత మీద 6 నిమిషాల 52 సెకండ్లు వచ్చింది. జబ్బలు జర తగ్గినయి, అంగీ వదులైంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో సర్కారుకే తెలువాలె, వాని వయసు మాత్రం ఆగది. కొలువు వస్తదని నేను మాటియ్యలేను. ఈసారి దసరాకు మాత్రం జబ్బ పట్టి చూడను, నోటుబుక్కు తెమ్మని అడుగుత.